‘చాలు’ అంటే ఆగే ఆట కావాలి

పదహారేళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియా వద్దనే మాట ఇప్పుడు మన రాష్ట్రంలో కూడా గట్టిగానే వినపడుతోంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి అలాంటి చట్టాన్ని అమలు చేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ ఆలోచన ఉందని 2026 జనవరిలో మంత్రి నారా లోకేశ్ చెప్పారు. ఆ వార్త చదివి ‘హమ్మయ్య’ అనుకున్న తల్లులు తక్కువమందేం ఉండరు. వద్దని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిన మనకి, ఆ మాట గవర్నమెంటే చెబితే మంచిదే కదా!

కానీ ఆస్ట్రేలియా జాబితా ఒకసారి చూడండి. ఫేస్‌బుక్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ ఉంది, టిక్‌టాక్, యూట్యూబ్ ఉన్నాయి. నిషేధం మొదలైన నాటికి రోబ్లాక్స్ లాంటి ఆటలు మాత్రం అందులో లేవు. ఆట ఆడుతూ కబుర్లు చెప్పుకునే డిస్కార్డ్ కూడా లేదు. అంటే పిల్లలు ముక్కూ మొహం తెలియని వాళ్ళతో రోజూ మాట్లాడే చోట్లలో పెద్దదొకటి ఆ చట్టానికి బయటే ఉండిపోయింది. మన దగ్గరా అదే జరగొచ్చు. ఎందుకంటే, ఆటంటే పెద్దవాళ్ళకి ఆటే. అందులో మాటలు కూడా ఉంటాయన్నది చాలామందికి తెలియదు.

చీరాలలోనో పేరాలలోనో జాండ్రపేటలోనో ఒక నేతగాళ్ళ ఇల్లు అనుకోండి. తండ్రి మగ్గం గుంటలో కూర్చుని కుప్పడం చీర నేస్తున్నాడు. తల్లి పక్కనే కండెలు చుడుతోంది. పదమూడేళ్ళ కూతురు గోడకి జారగిలబడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో ఆడుకుంటోంది. పిల్ల కళ్ళ ముందే ఉంది, బయట తిరగటం లేదు, అంతకన్నా ఏం కావాలి? అయితే ఆ ఇయర్‌ఫోన్లలో ఆ క్షణాన నలుగురు మగపిల్లలు మాట్లాడుతూ ఉండొచ్చు. ఒకడిది లక్నో, ఒకడిది హైదరాబాదు, ఇంకొకడిది దుబాయ్ కావచ్చు. వాళ్ళేం మాట్లాడుతున్నారో రెండడుగుల దూరంలో ఉన్న తల్లికి వినపడదు. మగ్గం చప్పుడొక్కటే వినపడుతుంది.

ఆట అంటే ఇప్పుడు నలుగురితో మాట

మన చిన్నప్పటి వీడియో గేములో ఆడేవాడు ఒక్కడే, ఎదురుగా మిషను. ఇప్పటివి అలాంటివి కావు. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్, రోబ్లాక్స్, మైన్‌క్రాఫ్ట్... ఇవన్నీ పదిమంది, కొన్నిసార్లు వందమంది కలిసి ఆడేవి. వాళ్ళందరినీ కలిపే కంప్యూటరునే సర్వరు అంటారు. పెద్ద కంపెనీల సర్వర్లు వాళ్ళ చేతిలోనే ఉంటాయి. మైన్‌క్రాఫ్ట్ లాంటి ఆటల్లో అయితే ఎవరైనా నెలకింత అద్దె కట్టి సొంత సర్వరు పెట్టుకోవచ్చు. పదిహేడేళ్ళ కుర్రాడు తన బెడ్‌రూములో కూర్చుని అలాంటిదొకటి నడపగలడు. అక్కడ కలెక్టరూ వాడే, ఎస్సైయ్యీ వాడే.

ఆడేటప్పుడు కలిసి ఎత్తు వెయ్యాలంటే మాట్లాడుకోవాలి కదా. అందుకని స్క్రీన్ మీద రాసుకునే చాట్ ఒకటి, మైకులో మాట్లాడుకునేది ఒకటి ఉంటాయి. అసలు పేరు ఎవరూ పెట్టరు. ఎవరి వయసెంతో ఎవరికీ తెలియదు. గొంతు విని అమ్మాయని తెలిసిన మరుక్షణం మాట మారిపోతుంది. ‘ఏ ఊరు’తో మొదలై ‘ఫొటో పెట్టు’ దాకా వస్తుంది. పెట్టనంటే తిట్లు. తిట్లతో ఆగితే అదృష్టమే. ‘ఇక్కడ అందరూ ఉన్నారు, డిస్కార్డ్‌కి రా, ఇన్‌స్టాకి రా’ అని పక్కకి పిలవడం అంతకంటే ప్రమాదం. ఆట నుంచి పక్కకి పిలిచేవాడి ఉద్దేశం మాత్రం ఆట కాదని పిల్లలకి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఇదేదో మన దగ్గరే ఉన్న రోగం కాదు. 2021లో అమెరికా, చైనా, జర్మనీల్లో ఆటలాడే ఆడవాళ్ళని ఒక సర్వేలో అడిగితే, వాళ్ళలో 59 శాతం మంది వేధింపులు తప్పించుకోవడానికి తాము ఆడవాళ్ళమని తెలియకుండా దాచి ఆడతామన్నారు. మగ పేరు పెట్టుకుంటారు, లేదా ఎవరిదో తెలియని పేరు పెట్టుకుని మైకు మూసేస్తారు. మూగవాళ్ళలా ఆడతారన్నమాట. జట్టుగా ఆడే ఆటలో మాట్లాడకపోతే ఓడిపోవడం ఖాయం. ఓడిపోయాక ‘ఆడపిల్లలకి ఆట రాదు’ అనే మాట వినాల్సి రావడం దానికి కొసరు.

‘ఆట మానెయ్’ అన్న సలహా

విషయం ఇంట్లో తెలిస్తే మనం మొట్టమొదట చెప్పేది ‘ఆ ఆట మానెయ్’ అనే. ఇందులో తల్లిదండ్రుల తప్పేం లేదు, భయం అలాంటిది. కానీ పిల్లలు చెప్పకుండా దాచడానికి ముఖ్యమైన కారణం కూడా ఈ సలహానే. చెబితే ఫోన్ లాక్కుంటారని దానికి తెలుసు. తప్పు చేసింది ఎవడో, ఆట పోయేది తనకి. పైగా ‘నువ్వెందుకు మాట్లాడావు’ అన్న ప్రశ్న ఒకటి. బస్సులో ఎవడో చెయ్యేస్తే ‘నువ్వు ఆ బస్సెందుకెక్కావు’ అన్నట్టే ఇది కూడా.

వదిలి వెళ్ళిపోవడం గురించి చీరాలకి ఒకరు చెప్పక్కర్లేదు. చీరాల, పేరాల గ్రామాలని కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో ఆ ఊళ్ళ జనం పన్ను కట్టమన్నారు. కొందరు జైలుకి కూడా వెళ్ళారు. గాంధీగారు వచ్చినప్పుడు చెప్పిన దారుల్లో ఒకటి ఊరు ఖాళీ చెయ్యడం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో జనంలో ఎక్కువమంది ఇళ్ళకి తాళాలేసి మునిసిపాలిటీ హద్దు దాటి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో దాదాపు పదకొండు నెలలు కాపురముందారు. ఎండా వానా అన్నీ ఆ పాకల్లోనే. పిల్లల్నీ పశువుల్నీ వెంటేసుకుని వెళ్ళిన ఆ ఆడవాళ్ళు ఎన్ని అవస్థలు పడ్డారో!

అది కూడా వెళ్ళిపోవడమే. కానీ అందరూ కలిసి, ఫలానా పన్ను ఎత్తెయ్యాలని అడిగి, లోకమంతా చూస్తుండగా వెళ్ళారు. అందుకే అది ఉద్యమమైంది. మన పిల్ల ఒక్కతే చప్పుడు చెయ్యకుండా ఆట నుంచి బయటికొస్తే అది ఉద్యమం కాదు, మాయమైపోవడం. ఆ సర్వరు నడిపేవాడికి ఒక పేరు తగ్గిందని కూడా తెలియదు. తిట్టినవాడు మాత్రం అక్కడే హాయిగా ఉంటాడు, రేపు ఇంకో పిల్ల దొరుకుతుంది. వెళ్ళేముందు అడగాల్సింది అడగాలి. మరి ఏమడగాలి?

వాలుగీతతో మొదలయ్యే మాటలు

చాట్‌లో కమాండు అని ఒకటుంటుంది. మామూలుగా రాస్తే అది మాట. ముందు ఒక వాలుగీత పెట్టి రాస్తే అది ఆజ్ఞ. వాలుగీత, ‘మెసేజ్’, అవతలివాళ్ళ పేరు రాస్తే ఆ ఒక్కరికే రహస్యంగా మాట వెళుతుంది. వాలుగీత, ‘ఇగ్నోర్’, ఫలానా పేరు అని రాస్తే వాడి మాటలు ఇక మనకి కనపడవు. చాలా సర్వర్లలో ఈ ఇగ్నోర్ ఉంటుంది. ఫోన్ ఆటల్లో కమాండుకి బదులు మ్యూట్, బ్లాక్, రిపోర్ట్ అనే బటన్లు ఉంటాయి. పని ఒకటే.

ఇది కొత్తదేం కాదు. 1988లో ఫిన్లాండులో పుట్టిన ఐఆర్‌సీ అనే చాట్ నుంచి వస్తున్న పద్ధతే. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ వాళ్ళు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. ఆ తర్వాత నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి యాహూ చాట్ రూముల్లో కూర్చున్న మన తరం వాళ్ళకి, లోపలికి అడుగుపెట్టగానే వయసెంత, ఆడా మగా, ఏ ఊరు అని మీదపడిన ప్రశ్నలు గుర్తుండే ఉంటాయి. అప్పుడూ ఇగ్నోర్ ఉంది. అప్పటికీ ఇప్పటికీ బొమ్మలు సినిమా అంత అందంగా మారాయి, ఈ ఒక్క కమాండు మాత్రం దాదాపు అలాగే ఉంది.

దీంతో వచ్చిన చిక్కేమిటో చూద్దాం. ఇగ్నోర్ కొట్టాలంటే వాడి పేరు పొల్లు పోకుండా రాయాలి. అల్లరి పెట్టేవాళ్ళు కావాలనే ఇంగ్లీషు పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’, ‘ఒకటి’ అంకె కలిపి పేరు పెట్టుకుంటారు. చూడ్డానికి మూడూ ఒక నిలువు గీతలాగే ఉంటాయి. ఏది ఏదో తేల్చేలోపు ఆట అయిపోతుంది. మైకులో మాట్లాడుతుంటే ఆ గొంతు ఎవరిదో వెతుక్కోవాలి. ఒక పక్క కాల్పులు జరుగుతుంటే, మెనూ తెరిచి, పేరు వెతికి, మూడు బటన్లు నొక్కడమంటే చేతిలో పాలగిన్నె పొంగుతుండగా తాళంచెవి కోసం వెతికినట్టే.

సరే, కొట్టింది అనుకుందాం. వాడి మాటలు మాయం. మాయమైనవాటితోపాటు సాక్ష్యం కూడా మాయం! స్క్రీన్ షాట్ ముందు తియ్యాలి, ఇగ్నోర్ తర్వాత కొట్టాలి అన్న వరస పిల్లలకెవరు చెప్పారు? చేతులు వణుకుతున్నప్పుడు ఎవరికి గుర్తుంటుంది? పైగా ఇగ్నోర్ సంగతి సర్వరు నడిపేవాళ్ళకి తెలియనక్కర్లేదు. అది మీకూ మీ స్క్రీన్‌కీ మధ్య ఒప్పందం. రిపోర్ట్ అన్నది వేరే, దానికి మళ్ళీ మొదటి నుంచీ రావాలి.

అన్నిటికన్నా పెద్దది ఇంకోటుంది. మీకు వినపడకుండా పోయింది గానీ, వాడు మీ గురించి అనేది మిగతా తొమ్మిదిమందికీ వినపడుతూనే ఉంది.

1993లో అడిగిన ప్రశ్న

ఈ చివరి మాట మీదే ముప్పై ఏళ్ళ కిందట అమెరికాలో పెద్ద చర్చ జరిగింది. కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ అనే ఆయన లాంబ్డామూ అని ఒక సర్వరు నడిపేవాడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. దేశదేశాల నుంచీ జనం వచ్చి, పేరు మార్చుకుని, అందులో గదులు కట్టుకుని కబుర్లు చెప్పుకునేవారు. 1993 మార్చిలో ఒక రాత్రి మిస్టర్ బంగిల్ అనే పేరుతో వచ్చినవాడు, అందరూ కూర్చునే పెద్ద గదిలో, అక్కడున్న పాత్రల మీద అత్యాచారం చేస్తున్నట్టు వాక్యం తర్వాత వాక్యం రాశాడు. ఆ పాత్రలే ఇష్టపడి చేస్తున్నట్టు కనపడేలా చేసే చిన్న ప్రోగ్రాము కూడా వాడి దగ్గరుంది. జర్నలిస్టు జూలియన్ డిబెల్ ఆ ఏడాది డిసెంబరులో ది విలేజ్ వాయిస్ పత్రికలో దీని గురించి రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ చదువుతారు. సియాటిల్ లో ఉన్న ఒక బాధితురాలు మర్నాడు అందరికీ ఉత్తరం రాస్తున్నప్పుడు కన్నీళ్ళు కారాయని ఆయనతో చెప్పింది. ఒట్టి అక్షరాలకి కన్నీళ్ళెందుకు అని అడిగేవాళ్ళు, తమకి ఆకాశరామన్న ఉత్తరం వస్తే ఏం చేస్తారో ఆలోచించుకోవాలి.

లాంబ్డామూలో గ్యాగ్ అనే కమాండు ఉండేది, నేటి ఇగ్నోర్ లాంటిదే. ‘గ్యాగ్ కొట్టేస్తే సరిపోయేది కదా’ అన్నారు కొందరు. అవతలివాళ్ళ జవాబు, గ్యాగ్ కొడితే నేను చూడకుండా ఉంటాను, కానీ నిండు గదిలో నాకు జరుగుతున్నది మిగతా అందరూ చూస్తూనే ఉంటారు కదా అని. కళ్ళు మూసుకోవడం రక్షణ ఎలా అవుతుంది?

మీటింగు పెట్టి గంటలకొద్దీ వాదించుకున్నారు. ఏదీ తేలలేదు. చివరికి సర్వరు నడిపేవాళ్ళలో ఒకడు తనంతట తనే బంగిల్ పాత్రని తుడిచేశాడు. కొన్నాళ్ళకి అదే మనిషి ఇంకో పేరుతో మళ్ళీ వచ్చాడు! కొత్త అకౌంటుతో తిరిగి రావడం అప్పటి నుంచీ ఉన్నదే. ఆ గొడవంతా చూశాక కర్టిస్ ఒక మంచి పని చేశాడు. సర్వరులో ఏ మార్పు కావాలన్నా అక్కడ ఉండేవాళ్ళే అర్జీ రాసి, తగినంతమంది సంతకాలు తెచ్చి, ఓటింగుకి పెట్టవచ్చు, ఓట్లలో నెగ్గితే నడిపేవాళ్ళు ఆ మార్పు చెయ్యాలి అన్నాడు. ఇల్లు కట్టినవాడే వంటింటి కిటికీ ఎక్కడుండాలో చెప్పడం మానేసి, వండేవాళ్ళని అడిగాడన్నమాట.

ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, 2021 చివర్లో, ఫేస్‌బుక్ వాళ్ళ మెటా కంపెనీ హొరైజన్ వరల్డ్స్ అనే కళ్ళద్దాల లోకాన్ని తెరిచింది. పరీక్షగా వాడి చూస్తున్న ఒక మహిళ, అక్కడ తన బొమ్మని ఎవరో తడిమారని ఫిర్యాదు చేసింది. అందుకు కంపెనీ వైపు నుంచి వచ్చిన మాట, ‘సేఫ్ జోన్’ అనే సదుపాయం ఉంది, ఆమె దాన్ని వాడుకోలేదు అని. గ్యాగ్ కొట్టొచ్చు కదా అన్నదే మళ్ళీ! అయితే 2022 ఫిబ్రవరిలో మెటా ఒక మార్పు చేసింది. ఎవరూ ఏమీ నొక్కకుండానే, బొమ్మకీ బొమ్మకీ మధ్య సుమారు నాలుగడుగుల దూరం దానంతటదే ఉండేలా పెట్టింది. చిన్న మార్పే. కానీ కాపాడుకునే పని బాధితురాలి నెత్తి మీద నుంచి తీసి ఏర్పాటు మీద పెట్టింది.

‘చాలు’ ఎలా ఉండాలి?

మన రాష్ట్రంలోనే ఒక నమూనా ఉంది. 2020లో వచ్చిన దిశ యాప్ లో, ఆపద వస్తే ఫోన్ గట్టిగా ఊపితే పోలీసులకి కబురు వెళ్ళే ఏర్పాటు ఉండేది. 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. ఆ యాప్‌ల పనితీరు మీద ఎవరి అభిప్రాయాలు వాళ్ళకుంటాయి, అది వేరే చర్చ. కానీ ఆ ఊపడంలో ఒక తెలివి ఉంది. కంగారులో ఉన్న మనిషి పేరు రాయలేదు, మెనూ వెతకలేదు, ఒక్క పని చెయ్యగలదు.

ఆటలోనూ అలాంటి ఒక్క మాట ఉండాలి. వాలుగీత, దాని పక్కన ‘చాలు’. ఫోన్ ఆటల్లో అయితే స్క్రీన్ మూల ఒక గుర్తు. పేరు రాయనక్కర్లేదు. నాతో చివరగా మాట్లాడినవాడు ఎవడో సర్వరుకి తెలుసు కదా, వాడిని నాకు వినపడకుండా చెయ్యాలి. నలుగురూ కలిసి మీద పడితే, నా స్నేహితుల జాబితాలో లేని ఎవరి మాటా ఒక పది నిమిషాలు నాకు రాకూడదు. నేనలా కొట్టానని అవతలివాడికి తెలియనివ్వకూడదు. తెలిస్తే ఇంకో పేరుతో వస్తాడు, కోపంతో వస్తాడు.

రెండోది, ఆ మాట కొట్టిన క్షణంలోనే అంతకుముందు నడిచిన సంభాషణ, మైకైతే చివరి ఒకటి రెండు నిమిషాలు, సర్వరులో భద్రంగా పడి ఉండాలి. సాక్ష్యం దాచే పని పిల్లది కాదు. ఇది కుదిరే పనేనా అంటే, దీనికి దగ్గరగా ఉన్నది ఇప్పటికే ఉంది. 2022 జూలైలో మైన్‌క్రాఫ్ట్ వాళ్ళు పెట్టిన రిపోర్ట్ పద్ధతిలో, ఫలానా మెసేజ్ అని చూపిస్తే దాని చుట్టుపక్కల మాటలు కూడా కలిపి కంపెనీకి వెళతాయి.

అయితే దాని మీద ఆడేవాళ్ళే పెద్ద ఎత్తున ఎదురుతిరిగారు. ఎవరి సొంత సర్వరులో వాళ్ళు మాట్లాడుకున్నదానికి కంపెనీ శిక్ష వేస్తుందా, ముందూ వెనకా తెలియకుండా ఎవరినైనా ఇరికించొచ్చు కదా అని వాళ్ళ అభ్యంతరం. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యడానికి లేదు. అబద్ధపు ఫిర్యాదు ఆడపిల్లల మీదే ముందు వాడతారు. పదిమంది రిపోర్ట్ కొడితే అకౌంటు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటే, ఆ పదిమంది కుర్రాళ్ళు ఒక్కటై ఏ అమ్మాయి బాగా ఆడుతోందో ఆ అమ్మాయిని బయటికి తోసేస్తారు. అందుకే ‘చాలు’ అన్నది నా చెవిని మాత్రమే వెంటనే మూయాలి. అవతలివాడి నోరు అందరి ముందూ మూయించాలా, బయటికి పంపాలా అన్నది ఆ దాచిన సంభాషణ చదివి ఒక మనిషి తేల్చాలి. మిషను లెక్కపెట్టి తేల్చకూడదు.

ఆ మనిషి ఏ భాష మనిషి అన్నది మన చిక్కుల్లో పెద్దది. చాట్‌లో బూతులు ఆపడానికి జల్లెడలాంటి ప్రోగ్రాములుంటాయి. ఇంగ్లీషు బూతుల్ని అవి బాగానే పడతాయి. మన కుర్రాళ్ళు తిట్టేది తెలుగులో, రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక్కో తిట్టుకి స్పెల్లింగులు పది రకాలు. దీర్ఘం ఉన్నచోట ఒకడు ఒక ‘ఏ’ పెడతాడు, ఇంకొకడు రెండు, మరొకడు నాలుగు. ఏ జల్లెడకి దొరుకుతుంది? అదే జల్లెడ ఏ పాపమూ ఎరుగని మాటల్ని పట్టుకుంటుంది. దీక్షిత్ అనే ఇంటిపేరుని ఇంగ్లీషులో రాస్తే చివరి నాలుగక్షరాలు ఒక ఇంగ్లీషు బూతుమాట! ఆ పేరున్నవాళ్ళకి నోరు పెగలదు, అమ్మనాలి అక్కనాలి అనేవాడికి అడ్డే లేదు. తెలుగు జనం ఆడే ఆటకి తెలుగు తిట్టు తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. మన పిల్లల చేత పైసలు పెట్టించి బొమ్మ బట్టలు కొనిపించడం తెలిసిన కంపెనీకి, ఆ మాత్రం జీతం ఇవ్వడం కష్టమేమీ కాదు.

ఇంకొక్కటి. ఫిర్యాదుకి ఒక నంబరు, ఆ తర్వాత ఒక జవాబు రావాలి. ‘చూశాం, ఫలానా చర్య తీసుకున్నాం’ అనో, ‘చూశాం, ఇందులో తప్పేం కనపడలేదు’ అనో. గ్యాస్ సిలిండర్ బుక్ చేస్తేనే నంబరు వస్తుంది. ఇక్కడ మాత్రం ధన్యవాదాలు అని ఒక ముక్క వచ్చి, తర్వాత అంతా నిశ్శబ్దం. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఎవరు ఫిర్యాదు చేస్తారు?

చట్టాలు ఎక్కడిదాకా వచ్చాయి

ఆటల మీద మన ప్రభుత్వాలు చెయ్యి చేసుకోలేదని కాదు. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీని నిషేధించింది, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ ని. అవి దేశభద్రత పేరుతో వచ్చినవి, పిల్లల మాటలతో వాటికి సంబంధం లేదు. పబ్‌జీ ఆడినవాళ్ళు 2021లో బీజీఎంఐకి మారారు. ఆన్‌లైన్ రమ్మీ లాంటి పందేల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు చేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆటలని నిషేధించింది. ఎన్నో ఇళ్ళు గుల్లయ్యాక వచ్చింది, రావలసిందే. కానీ దాని చూపంతా ప్రధానంగా డబ్బు మీద. డబ్బు లేని ఆటలో మాటలు దాని కంట్లో పెద్దగా పడలేదు.

వ్యక్తిగత సమాచారం గురించి 2023లో చేసిన చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. రోబ్లాక్స్ అయితే చాట్ చెయ్యాలంటే మొహం చూపించి వయసు అంచనా వేయించుకోవాలని 2026 జనవరి నుంచి ప్రపంచమంతటా పెట్టింది. పదేళ్ళ పిల్లతో పాతికేళ్ళవాడు మాట్లాడకుండా ఆపడానికి అది పనికొస్తుంది. పదిహేనేళ్ళ పిల్లని పదహారేళ్ళవాడు తిడితే అది చేసేదేం లేదు. అనుమతులూ వయసులూ గుమ్మం దగ్గర కాపలా. లోపల గదిలో జరిగేదానికి లోపలే ఒక ఏర్పాటు కావాలి.

మాట హద్దు దాటి బెదిరింపు దాకా, ఫొటోల దాకా వస్తే అది ఆట సంగతి కాదు, నేరం. బాధితురాలు మైనరైతే పోక్సో చట్టం ఉంది. భారతీయ న్యాయ సంహితలో వెంటపడి వేధించడానికి 78వ సెక్షను, మాటతోనో సైగతోనో స్త్రీని అవమానించడానికి 79వ సెక్షను ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళ మీదా పిల్లల మీదా నేరాలకి విడిగా ఒక భాగముంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చెయ్యవచ్చు. పిల్లలకి 1098, అత్యవసరమైతే 112. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి వేదికలు నడిపే కంపెనీలు ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, చిరునామా బయటపెట్టాలి. యాప్ కింద సన్నక్షరాల్లో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

అర్జీ ఎలా రాయాలి

కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటి ఉంది. ఆట నడిపేవాళ్ళని నేరుగా అడగడం. పెద్ద ఆటల్లో సెట్టింగ్స్‌లో ఫీడ్‌బ్యాక్ అనో సపోర్ట్ అనో ఉంటుంది. చిన్న సర్వర్లలో అయితే నడిపే కుర్రాడే నేరుగా దొరుకుతాడు. నిజానికి ఈ చిన్న సర్వర్ల మీదే నాకు ఎక్కువ ఆశ. మనూళ్ళ ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్లు చదివే పిల్లలు నడిపేవి ఉంటే, ‘చాలు’ లాంటి కమాండు రాయడం వాళ్ళకి గొప్ప విద్యేమీ కాదు. కంపెనీవాడికి పది సంతకాలు చెవికెక్కవు. నలభైమంది ఆడే సర్వరులో పదిమంది అడిగితే వినక తప్పదు.

కానీ అడిగే తీరులో అడగాలి. ‘మీ ఆటలో ఆడపిల్లలకి రక్షణ లేదు, సిగ్గుచేటు’ అని రాస్తే, నిజమే అయినా, చదివేవాడు చెయ్యగలిగింది ఏమీ ఉండదు. ఏం జరిగిందో వరసగా చెప్పాలి. అప్పుడు మీరున్న కమాండు ఏం చేసింది, ఎక్కడ ఆగిపోయింది, దానికి బదులు ఏం చెయ్యాలి అన్నది రాయాలి. కుట్టుమిషను రిపేరుకి ఇచ్చేటప్పుడు ‘ఇది పనికిరాదు’ అనం కదా, ‘పోగు మూడో కుట్టు దగ్గర తెగుతోంది’ అంటాం. అలాగ.

రాసేది పిల్లే అయితే మేలు, ఆట దానికే తెలుసు. తల్లి పక్కన కూర్చుని తను నిజంగా పడినదానికి పేరు పెట్టడంలో సాయం చెయ్యవచ్చు. పిల్ల తన అసలు పేరు, ఊరు, స్కూలు అందులో రాయకుండా చూడాలి. అదే ఆటలో ఉన్న మిగతా అమ్మాయిలు నలుగురైదుగురు కూడా విడివిడిగా ఇదే అడిగితే బలం. మాదిరికి ఒకటి ఇస్తున్నాం, మీ మాటల్లోకి మార్చుకోండి.

‘నిన్న రాత్రి ఆటలో ఒకతను నన్ను ఉద్దేశించి అసభ్యంగా మాట్లాడాడు. ఇగ్నోర్ చెయ్యడానికి అతని పేరు మూడుసార్లు తప్పు పడింది. నాలుగోసారి పనిచేసింది. కానీ అతని పాత మాటలన్నీ నా స్క్రీన్ మీద నుంచి పోయాయి, రిపోర్ట్ లో చూపించడానికి ఏమీ మిగల్లేదు. అతను నా గురించి మాట్లాడుతూనే ఉన్నాడని నా స్నేహితురాలు చెప్పింది. పేరు రాయనక్కర్లేకుండా, చివరగా మాట్లాడినవారిని నాకు వినపడకుండా చేసి, అంతకుముందు మాటల్ని మీ దగ్గర దాచి, నాకు ఒక నంబరు ఇచ్చే కమాండు కావాలి. ఆ మాటలు చదివేవారికి తెలుగు వచ్చి ఉండాలి. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో తెలియజేయగలరు.’